లో గేరు నిలవని బండి

జంస్రాన్ ట్రక్కుని ఆ లోయలో అందరూ ‘అరవై ఆరు’ అనే అంటారు. ఒకప్పుడు సోవియట్ సైన్యం వాడి వదిలేసిన బండి, దాని మోడల్ నంబరే ఆ పేరు. నాలుగు చక్రాలూ లాగుతాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అతనే నడుపుతున్నాడు. ఏటా అక్టోబరులో నాలుగు కుటుంబాల గెర్‌లు అనే గుండ్రటి ఉన్ని గుడారాలు విప్పి, దాని మీదే ఖోంగోర్ కనుమ దాటించి చలికాలపు విడిదికి చేరుస్తాడు. కొత్తగా వచ్చిన చిన్న కొరియా బండ్లు మొదటి మలుపు దగ్గరే చేతులెత్తేస్తాయి. అయినా ఎవరి దగ్గరా కూలి పుచ్చుకోడు. ఇల్లు మారేవాళ్ళకి సాయం చేసి చెయ్యి చాచడం అక్కడ సిగ్గుమాలిన పని. టీ తాగి, ఒక గొర్రె తొడ పెడితే పట్టుకొస్తాడు.

ఈ ఏడు గేరుబాక్సు అరిగిపోయింది. లో గేరు వేస్తే నిలవదు, ఎగిరి వచ్చేస్తుంది. బాగుచేయించాలంటే ఇరవై గొర్రెలు అమ్మాలన్నాడు మెకానిక్. నిరుడు ఇంజనుకి పదిహేను పోయాయి.

“ఇంక ఒక్క గొర్రెని కూడా దాని నోట్లో పెట్టను,” అంది అతని భార్య త్సెర్మా. “ఇంకో మూడు రోజుల్లో పాత ఇనుము వాడొస్తున్నాడు. ఇచ్చెయ్.”

“ఖాండా అక్కని దాటించి చెప్తా.”

“అంత బాధేమిటి ముసలాయనా? నన్ను అమ్మేసినా ఇంత బాధపడవు.”

“నిన్నెవరు కొంటారే.”

మాటకి మాట అన్నాడు గానీ మర్నాడు ఆమె బండెక్కి పక్కన కూర్చుంటే వద్దనలేదు.

ఖాండాది ఆ నాలుగు కుటుంబాల్లో ఒకటి. భర్త పోయాడు, ఆమెకి అరవై దాటాయి. కొడుకు ముందు రోజే మందని తోలుకుపోయాడు. ఆమె మాత్రం పెట్టెలు, పొయ్యి, గుడారానికి కప్పే ఉన్ని నెమ్దాల మీద, బండి నెత్తిన కూర్చుంది. లో గేరు ఎలాగో నిలిచి, ఎక్కడం బాగానే సాగింది. కనుమ తల మీద రాళ్ళ గుట్ట ఉంటుంది, ఓవో అంటారు. చుట్టూ మూడుసార్లు తిరిగి దిగాలి. తొందరుంటే మూడుసార్లు హారన్ కొట్టినా సరిపోతుంది. జంస్రాన్ హారన్ మీద చెయ్యి వేశాడు.

“హారన్ చాలదు తమ్ముడూ,” అంది పైనుంచి ఖాండా. “మంగళవారం బయల్దేరాం. తిరుగు.”

చదునైన చోటే కదా అని అతను లో గేరు తీసేసి మూడు చుట్లూ తిరిగాడు. దిగే మలుపు ముందు ఆపి మళ్ళీ వెయ్యబోతే అది పడలేదు. ఎదురుగా ఏడు కిలోమీటర్ల వాలు. పడమటి నుంచి మంచు మబ్బు వస్తోంది. 

అరగంట కుస్తీ పట్టాక గేరు పడింది. వదిలితే వచ్చేస్తోంది. త్సెర్మా తమ ఇద్దరి సీట్ల మధ్య ఉన్న ఇంజన్ మూత మీదుగా వంగి, రెండు చేతులతో ఆ కడ్డీని పట్టుకుంది.

“అక్కా, నువ్వు దిగి నడువు,” అన్నాడు జంస్రాన్.

“నా బరువెంత, ఒక మేకంత. నేను దిగితే తేలికవుతుందా?”

“బరువు కోసం కాదు.”

ఖాండా ఇంకేమీ అనకుండా దిగింది. చక్రానికి అడ్డం వేసే చెక్క దుంగ చంకన పెట్టుకుని బండి పక్కనే నడిచింది.

నాలుగో మలుపులో చక్రం గుంటలో పడి, కడ్డీ త్సెర్మా చేతుల్లోంచి ఊడిపోయింది. బండి ఒక్కసారిగా తేలికై పరిగెత్తింది. బ్రేకు తొక్కితే పాదం అడుగుదాకా దిగింది. ఎడమ వైపు లోయ. జంస్రాన్ స్టీరింగుని కుడికి తిప్పేసి, బండిని కొండ గట్టుకి గుద్ది ఆపాడు. ఖాండా పరిగెత్తుకొచ్చి చక్రం కింద దుంగ తోసింది. 

“మళ్ళీ వెయ్యి,” అంది త్సెర్మా, చేతులు కడ్డీ మీద పెట్టి.

విడిదికి చేరేసరికి చీకటి పడుతోంది. గెర్ నిలబెట్టి, పొయ్యి రాజేసి, ఖాండా టీ పోసింది. ఆనవాయితీగా గొర్రె తొడ తెచ్చి పెట్టింది. త్సెర్మా దాన్ని వెనక్కి తోసింది.

“వద్దక్కా. గేరుబాక్సుకి ఇరవై గొర్రెలు కావాలి. ఇన్నేళ్ళూ మా మందలోంచే ఇచ్చాం. ఇక మా వల్ల కాదు. మీరు నలుగురూ ఇస్తే బండి ఉంటుంది, లేకపోతే ఎల్లుండి ఇనుము కిందికి పోతుంది.”

“ఏమే,” అన్నాడు జంస్రాన్. తల ఎత్తలేకపోయాడు.

ఖాండా పొయ్యిలో ఇంకో పిడక వేసింది.  కొడుకు ఏదో అనబోతే చేత్తో ఆపింది.

“పెట్రోలు, సామాన్లు నీకు సర్కారు వాళ్ళు ఇస్తున్నారనుకున్నాం తమ్ముడూ,” అంది.

“సర్కారా? ఎప్పుడు ఇచ్చారు,” అంది త్సెర్మా.

“మరి అడగవేం తమ్ముడూ?”

జంస్రాన్ గిన్నె ఎత్తి మిగిలిన టీ తాగేశాడు.

“నావి ఐదు,” అంది ఖాండా. “మిగతా ముగ్గురి దగ్గరికీ నేనే వెళ్తా. ఇతన్ని పంపితే మళ్ళీ తొడే పట్టుకొస్తాడు.”

అతను లేచి బయటికి పోయాడు. రాత్రికి గడ్డకట్టి ఇంజన్ పగలకుండా, బండి కింద దూరి రేడియేటరు నీళ్ళు వదులుతున్నాడు. త్సెర్మా వెనకే వచ్చి నిలబడింది.

“ఇనుము వాడికి ఏం చెప్పను?”

“నీ ఇష్టం. అడగడం, చెప్పడం నీకే వచ్చుగా.”

“గేరుబాక్సు వచ్చేదాకా బండి ఇక్కడే ఉండాలి. పొద్దున్న ఇంటికి పోవడానికి రెండు గుర్రాలు కావాలి.”

జంస్రాన్ బండి కింద నుంచి లేవలేదు.

“అవీ నువ్వే అడుగు,” అన్నాడు.