మా ఇంటికే ముందొచ్చే బస్సు

మా పాప షామీర్‌పేటలో ఒకటో తరగతి చదివేటప్పుడు, స్కూలు బస్సు ఏ ఇంటి తర్వాత ఏ ఇంటికి వెళ్లాలో కంప్యూటరే చెప్పడం మొదలుపెట్టింది. అప్పట్నుంచి బస్సు అందరికంటే ముందు మేడ్చల్‌లోని మా కాలనీకే వచ్చేది. మాజీ సర్పంచ్ గారి మనవడు మాత్రం చివర్లో తాపీగా ఎక్కేవాడు. అనుమానం రాదూ? నేరుగా వెళ్లి బస్సుల ఇన్‌ఛార్జిని నిలదీశాను.

"జెనెటిక్ అల్గారిథం మేడమ్. పెండ్లి సంబంధాల లెక్కనే. మంచిగున్న ఇండ్ల వరసలు రెండు కలుపుతది, వాటికి పుట్టినవాట్ల మంచియి ఏరి మళ్ల కలుపుతది. దానికి సర్పంచ్ ఎవరో ఎర్కలేదు."

"అయితే నా ముందే ఆ బటన్ నొక్కి వరస తీయండి."

నొక్కాడు. వేరే వరస వచ్చింది.

"పూటకో మాట చెప్పేది లెక్కెలా అవుతుంది?"

"ఏ వరసైనా దూరం జర అటో ఇటో, అంతే" అంటూ మళ్లీ నొక్కాడు. ఈసారి సర్పంచ్ గారిల్లు మొదట, మా కాలనీ చివర!

"ఇక నొక్కకండి!" అని అరిచాను. ఆఫీసంతా ఘొల్లున నవ్వింది. మర్నాటి నుంచి ఆ వరసే ఖాయమైంది.

ఆ శనివారం పేరెంట్స్ మీటింగులో ఆ పిల్లాడి తల్లి, సర్పంచ్ గారి కోడలు, నా పక్కనే కూర్చుంది.

"ఆఫీసుకు పోయినవంట గదా అక్కా. ఏం జేసొచ్చినవ్?"

"జెనెటిక్ అల్గారిథం" అన్నాను.

నేను ఇన్‌ఛార్జిని చూసినట్టే, ఆవిడ నన్ను చూసింది.