రెండు యాంప్లిఫయర్లు, ఒక ఆదివారం

పెడల్ స్టీల్ గిటార్ అంటే ఏమిటో కిష్టారెడ్డిపేటలోని మా అపార్ట్‌మెంట్లో ఇప్పటికీ చాలామందికి తెలియదు. తలుపు తీసి ఉన్నప్పుడు చూసినవాళ్లు కుట్టుమిషను అనుకుంటారు. వాళ్ల తప్పేం లేదు. నాలుగు కాళ్ల మీద నిలబడ్డ సన్నని బల్ల, దాని మీద పది తీగలు, కింద పాదాలతో తొక్కే పెడళ్లు, మోకాళ్లతో నెట్టే ఇనుప మీటలు. ఎడమచేతిలో గుండ్రటి ఉక్కు కడ్డీ పట్టుకుని తీగల మీద జరుపుతాను. కుడిచేతి వేళ్లకు లోహపు తొడుగులుంటాయి. అంటే వాయించేటప్పుడు నా ఒళ్లు ఎటు చూసినా లోహానికే ఆని ఉంటుంది. ఈ సంగతి నాకు ముందూ తెలుసు. దాని అర్థం మాత్రం ఆ ఆదివారం దాకా తెలియలేదు.

మా నాన్న ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారానికి వచ్చారు. ఆ కాలనీ క్లబ్బులోనే నేను హవాయి గిటార్ నేర్చుకున్నాను. నలభై దాటాక, బెంగళూరులో ఒకాయన అమ్మేస్తుంటే ఈ పెడల్ స్టీల్ కొన్నాను. కొన్నాక తెలిసింది, అసలు కష్టం యాంప్లిఫయర్ దగ్గర ఉందని. దుకాణాల్లో దొరికే వాటిలో స్వరం జారుతుంటే సన్నగా, రేకు మీద గీసినట్టు వినపడేది. దీనికి పాతకాలం రేడియోల్లోలాంటి గాజు వాల్వులతో నడిచే యాంప్లిఫయర్ కావాలి. అది కూడా గట్టిగా వాయించినా బొంగురుపోనిది. అలాంటివి ఒక్కొక్కటిగా చేత్తో చేసేవాళ్లు దేశం మొత్తం మీద కొద్దిమందే. ఏడాది వెతికి ఇద్దరిని పట్టుకున్నాను. ఒకటి బెంగళూరు వర్క్‌షాపు. వాళ్లు పది రోజులు వాడి చూసుకోమని పార్సిల్ పంపారు. రెండో ఆయన గుమ్మడిదలలో ఉంటారు. పెద్దాయన, ఫ్యాక్టరీ టెస్టింగ్ సెక్షన్లో రిటైరయ్యారు. ఏడాదికి మూడో నాలుగో చేస్తారు, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా తానే చుట్టుకుంటారు.

ఆదివారం రెండూ పక్కపక్కన పెట్టి విని, ఒకటి ఎంచుకోవాలని నా ఆలోచన.

పెద్దాయన పొద్దున ఏడున్నరకే ఆటోలో తన యాంప్లిఫయర్‌ను దుప్పటిలో చుట్టుకుని తెచ్చారు. టేకు చెక్క పెట్టె, ముందు గోనెగుడ్డ లాంటి జాలి. చలికాలం. పనిమనిషి అప్పుడే ఇల్లు తుడిచి వెళ్లింది, నేల ఇంకా తడిగానే ఉంది. ఆయన వెనక పలక స్క్రూలు బిగిస్తుంటే వేళ్లు సన్నగా వణకడం గమనించాను.

"జెర వేడెక్కనియ్యుండ్రి అమ్మా. వాల్వులకు నిమిషం పడ్తది," అన్నారు.

నేను చెప్పుల్లేకుండా కూర్చుని, మడమలు నేలకు ఆనించి, పెడళ్ల మీద పాదాలు పెట్టాను. మొదటి స్వరం ఇప్పటికీ గుర్తుంది. గదిలో ఎవరో తలుపు తీసినట్టు వచ్చింది. రెండో స్వరానికి కడ్డీ జరిపి కుడిచేత్తో తీగను మీటాను.

ఆ తర్వాత జరిగింది వరుసలో చెప్పలేను. ఎడమచేయి బిగుసుకుపోయింది. కడ్డీని వదలాలని ఉంది, వేళ్లు తెరుచుకోవు. నోట్లోంచి ఏదో అరుపు వచ్చింది, అది నాదేనని తర్వాత మావారు చెప్పారు. ఆయన వంటింట్లోంచి పరుగున వచ్చి ప్లగ్గు లాగేశారు. నేను కుర్చీతో సహా వెనక్కి పడ్డాను. మోచెయ్యి గోడకు కొట్టుకుంది. కడ్డీ దొర్లుకుంటూ సోఫా కిందకు పోయింది.

పెద్దాయన ముఖంలో రంగు లేదు. "ఇంట్ల రెండు వారాలు నడిపిన అమ్మా, ఎన్నడు గిట్ల కాలే," అన్నారు.

నేను గోడ పట్టుకుని లేస్తూ అన్నాను: "మీ చేతులు చూసుకున్నారా? ఈ వయసులో ఇలాంటివి ఎందుకు చేస్తారండీ? ఇవాళ నేను పోయేదాన్ని."

ఆయన దుప్పటి పరిచి, యాంప్లిఫయర్‌ను చుట్టి, ముడి వేసి, కిందికి మోసుకుపోయారు. మావారు సాయం పట్టబోతే వద్దన్నారు.

మధ్యాహ్నం భోజనం అయ్యాక బెంగళూరు పార్సిల్ విప్పాం. భయపడుతూనే కూర్చున్నాను. ఏమీ కాలేదు. గంటన్నర వాయించాను, శుభ్రంగా, నిండుగా పలికింది. మనసు కుదుటపడి, సాయంత్రం మా స్టీల్ గిటార్ వాయించేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాను. పొద్దున ఏం జరిగిందో చెప్పి, ఆయన దగ్గర కొనకండి, ప్రాణం మీదికొస్తుంది అన్నాను. పెద్దాయనకు ముందే ఆర్డరిచ్చిన వైజాగ్ ఆయన వెంటనే, "థాంక్సండీ, నాది రద్దు చేసుకుంటాను" అని రాశాడు. మంచి పని చేశాననుకున్నాను.

సోమవారం పొద్దున డ్యూటీకి వెళ్లేముందు పది నిమిషాలు వాయిద్దామని కూర్చున్నాను. స్నానం చేసి వచ్చిన కాళ్లు ఇంకా ఆరలేదు. బెంగళూరు యాంప్లిఫయర్ వేసి, కడ్డీ తీగల మీద ఆనించాను.

మళ్లీ కొట్టింది.

ఈసారి కడ్డీ దానంతటదే ఎగిరిపోయింది కాబట్టి బతికాను. నేల మీద కూర్చుండిపోయాను. నొప్పి కంటే ముందు నాకు తట్టింది నిన్న నేనన్న మాట. మావారు నా చేతులు పట్టుకుని చూస్తూ, "రెండూ చెడ్డవై ఉండవు. మన ఇంట్లోనే ఏదో ఉంది," అన్నారు.

ఎవరిని పిలవాలి? నాకు తెలిసినవాళ్లలో కరెంటు సంగతి అంత బాగా తెలిసిన మనిషి ఒక్కరే. ఆయనకే ఫోన్ చేశాను. జరిగింది చెప్పి, క్షమించమని అనబోయేలోపే, "ఎవ్వరూ ఏదీ ముట్టకుండ్రి. వస్తున్న," అని పెట్టేశారు.

గంటలో వచ్చారు, చేతిలో కరెంటు కొలిచే చిన్న మీటరు. గోడకున్న ప్లగ్గు పాయింటులో ఎర్త్ ఉండే పై రంధ్రంలో మీటరు ముల్లు ఒకటి, కింద ఒకటి పెట్టారు. అంకె చూసి మళ్లీ పెట్టారు. వంటింట్లో చూశారు, పడగ్గదిలో చూశారు. నా వైపు తిరిగి, "సున్నా దగ్గర ఉండాలమ్మా ఇది. నూట ముప్పై వోల్టులు చూపిస్తున్నది. మీ ఎర్త్ తీగలనే కరెంటు తిరుగుతున్నది," అన్నారు.

నాకు అర్థమయ్యేలా చెప్పారు. అన్ని ఇళ్ల ఎర్త్ తీగలూ కలిసి ఒకే తీగగా కిందికి పోతాయి. అది భూమిలో దిగితే, ఎవరింట్లో ఏం లీకైనా భూమిలోకి పోతుంది. దిగకపోతే ఒకింటి లీకును పన్నెండు ఇళ్లకూ పంచుతుంది. యాంప్లిఫయర్ చట్రమూ, దానికి కలిపిన గిటార్ తీగలూ ఆ ఎర్త్ తీగకే ముడిపడి ఉంటాయి. పొద్దున గీజర్లు వేస్తారు కాబట్టి పొద్దున కొట్టింది. మధ్యాహ్నం ఎవరూ వెయ్యరు.

వాచ్‌మన్‌ను తీసుకుని సెల్లార్లోకి వెళ్లాం. మూలన ఎర్త్ గుంత అని సిమెంటు మూత ఉంది, మీద పచ్చరంగుతో గుర్తు కూడా వేశారు. మూత ఎత్తితే మూరెడు లోతు, అందులో ఇసుక, బీడీ ముక్కలు. పైనుంచి వచ్చిన ఇనుప పట్టీ ఆ ఇసుకలో చివర వంచి పడేసి ఉంది. భూమిలోకి దిగే పైపు లేదు, రేకు లేదు. పెద్దాయన వేలితో లాగితే పట్టీ చేతికొచ్చేసింది.

"అరే... గింత మోసమా," అన్నారాయన, మెల్లగా. ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్నాం.

ఒక్కో ఇంటి గీజర్ ఆపిస్తూ వెళ్లాం. మా కింద ఇంట్లో ఉండేది జిన్నారంలో పొలం అమ్ముకుని ఇక్కడ కొనుక్కున్న కుటుంబం. ఆ ఇంటావిడ గీజర్ ఆపగానే మీటరు అంకె పడిపోయింది.

"అవునక్కా, మాది మస్తు దినాలసంది జివ్వుమంటది," అందామె తేలిగ్గా. "నల్లా పట్టుకుంటే చెయ్యి గుంజుతది. అందుకే బట్ట పట్టుకుని తిప్పుత. బిడ్డకు చెప్పులేసే నీళ్లు పోస్త."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఏం చెప్పాలె? అందరిండ్లల్ల గంతే కద. పైనామె ఫ్రిజ్ కట్టెతోని తెరుస్తది."

నిజమే. ఇల్లిల్లూ అడిగితే ఇంటికో జాగ్రత్త బయటపడింది. నా సంగతి ఇంకా ఘోరం. మా వంటింటి సింకు తాకితే చిరచిరమనేది. చేతులు తుడుచుకుని ముట్టుకోవడం నేనూ అలవాటు చేసుకున్నాను. నేను పనిచేసేది మందుల కంపెనీ ల్యాబులో. అక్కడ ప్రతి పరికరానికీ ఎర్త్ సరిగా ఉందో లేదో చూసి రోజూ సంతకం పెట్టేదాన్ని నేనే. ఆ పాప రోజూ చెప్పులతో స్నానం చేస్తోందన్న మాట చెవిలోంచి పోలేదు.

సాయంత్రం బిల్డర్ మనిషిని పిలిస్తే వచ్చి గుంతలోకి తొంగి చూసి, "ఇన్నేండ్లల్ల ఎవరన్న సచ్చిండ్రా?" అని అడిగాడు. వాడితో గొడవపడకుండా, కింద ఇంటి గీజర్ తీయించి, మేమే మనుషుల్ని పెట్టి తవ్వించాం. పెద్దాయన రెండు రోజులు దగ్గరుండి పైపు దింపించారు, బొగ్గూ ఉప్పూ పోయించారు.

చివరి రోజు టీ ఇచ్చి, చెప్పాల్సింది చెప్పాను. తప్పు మాట అన్నానని, మీ యాంప్లిఫయర్ మళ్లీ తెస్తే వింటానని.

ఆయన గ్లాసు కిందపెట్టారు. "అది లేదమ్మా. ఆదివారం ఇంటికి పోంగనే మొత్తం ఇప్పేసిన. టంకం అంత పీకేసి ఎక్కడ తప్పు చేసిన్నో చూసుకున్న. ఏం దొరకలే. దొరకకపోయేసరికి ఇంక భయమైంది. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది."

ముప్పై ఏళ్లు టెస్టింగ్ సెక్షన్లో పనిచేసిన మనిషి. నా ఒక్క మాటకు తన పనిని ముక్కలు చేసుకున్నారు. కరెంటు రెండుసార్లు కొట్టినా నాకు అంత దెబ్బ తగల్లేదు.

గ్రూపులో ఇంకో మెసేజ్ పెట్టాను, జరిగింది జరిగినట్టు. వైజాగ్ ఆయనకు విడిగా ఫోన్ చేశాను. ఆయన అప్పటికే వేరేచోట ఆర్డరిచ్చేశాడు. బెంగళూరు యాంప్లిఫయర్ మంచిదే, కానీ పదో రోజు తిప్పి పంపేశాను. వాళ్లు కారణం అడిగితే, ఇంకొకటి వినాల్సి ఉందని చెప్పాను.

అది వినడానికి మూడు నెలలు పట్టింది. ఒక రోజు ఆయనే ఫోన్ చేసి, "మళ్ల కొత్తగ చేసిన. గిటార్ పట్టుకుని రాండ్రి," అన్నారు. గుమ్మడిదలలో ఆయన ఇంటి ముందు గదిలో వాయించాను. నేను వాయించినంతసేపూ ఆయన అరచెయ్యి యాంప్లిఫయర్ లోపలి లోహపు చట్రం మీద ఆనించే ఉంచారు. తీసెయ్యమన్నా తియ్యలేదు. స్వరం ఆ ఆదివారం ఒక్క క్షణం విన్నదే, ఇంకొంచెం లోతుగా ఉంది. వంక పెట్టడానికి ఏమీ లేదు.

"ఇదే నాది," అన్నాను.

"ముందు మీ ఇంట్ల ఎర్త్ మళ్ల ఒక్కసారి చూస్త. ఆ తర్వాతనే ఇస్త," అన్నారాయన.

శనివారం వచ్చి, యాంప్లిఫయర్‌ను ఆటోలోనే ఉంచి, ఒక్కరే పైకొచ్చారు. ఇంట్లో ఉన్న పదకొండు ప్లగ్గు పాయింట్లూ మీటరుతో వరుసగా చూసుకున్నారు. అప్పుడు కిందికి దిగి, ఈసారి యాంప్లిఫయర్‌ను ఒక పక్క మావారిని పట్టుకోమన్నారు.