భుజానికెత్తే తుపాకీ

నాచారం ఫ్యాక్టరీల రోడ్డులో ఉన్న మా బ్యాంకు శాఖకు మేనేజరుగా వెళ్లిన రోజున నాకు అక్కడ నచ్చని వస్తువు ఒక్కటే, గేటు దగ్గరి తుపాకీ. దాని వెనక మనిషిని తర్వాత చూశాను. ఇంచుమించు నా భుజం దాకా వచ్చే రెండు గొట్టాల తుపాకీని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, ఇనప స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉండేవాడు మా గన్‌మ్యాన్. డబ్బు తీసుకోవడానికి వచ్చే ఫ్యాక్టరీ ఆడవాళ్లు ఆయన పక్క నుంచి కాస్త ఒదిగి నడిచేవారు. నేనూ అంతే. మౌలాలి రైల్వే క్వార్టర్లలో పెరిగినదాన్ని, ఇంజన్ కూతకి ఉలిక్కిపడను గానీ తుపాకీ అంటే గుండె గుబేలుమనేది.

ఆయన మాజీ సైనికుడు. సొంతూరు జనగామ వైపు పల్లె. ఉప్పల్ డిపో వెనక సందులో భార్యతో అద్దెకుండేవాడు. సెక్యూరిటీ ఏజెన్సీ ద్వారా మా దగ్గర పనికి కుదిరి అప్పటికే చాలా ఏళ్లయింది. రోజూ పొద్దున నా బల్ల ముందుకు వచ్చి, తుపాకీని మధ్యలో మడిచి తెరిచి, గొట్టాలు ఖాళీగా ఉన్నాయని నాకు చూపించేవాడు. తర్వాత నా కళ్లముందే రెండు తూటాలు పెట్టి, మూసి, రిజిస్టరులో సంతకం చేసేవాడు. సాయంత్రం ఇదంతా వెనక నుంచి ముందుకు. మొదట్లో నేను చూడకుండానే తలాడించేదాన్ని. ఆయన కదిలేవాడు కాదు, నేను తల వంచి గొట్టాల్లోకి చూసేదాకా అలాగే నిలబడేవాడు. పనిమధ్యలో ఈ తతంగం ఏమిటని విసుక్కున్న రోజులు చాలా ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం సర్వరు పడిపోయి అందరం ఊరికే కూర్చున్నాం. అప్పుడు అడిగాను.

"అన్నా, ఇంత బారు తుపాకీ మోసుకుని తిరగడం ఎందుకు? ఎస్సైల దగ్గర నడుముకి చిన్నది ఉంటుంది కదా. అలాంటిది హాయి కదా."

ఆయన నవ్వలేదు. తుపాకీ మీద ఎవరు నోరు జారినా ఆయనకు పడదు.

"చిన్నది ఒక్క చేతిల ఉంటది మేడం. మహా అంటే రెండో చెయ్యి సాయం. చెయ్యి జర వణికినా తూటా ఎటో పోతది. గిది చూడుండ్రి, బుజానికి ఆనుతది, చెంపకు ఆనుతది, ఎడమ చెయ్యి కింద పడుతది. మనిషి మొత్తం పట్టుకున్నట్టు. గొట్టం పొడుగుంటే చూపు గూడ సక్కగ పోతది."

"మరి రైఫిల్?"

"రైఫిల్ గొట్టం లోపట మెలికలు తిరిగిన గీతలుంటయి. తూటా గిర్రున తిరుక్కుంట దూరం పోతది. దీంట్ల గీతలుండయి, నున్నగుంటది. తూటాల ఉన్న సీసం గింజలు చెల్లాచెదురైతయి. దగ్గరి పనికే."

"దొంగలకి మాత్రం చిన్నదే నచ్చుతుంది లెండి" అన్నాను, ఏదో అనాలని.

"గదే మేడం. చిన్నది దాచుకుంటందుకు. ఇది నలుగురికి కనపడుతందుకు. కనపడితే పేల్చే పని పడదు. నేను ఈ గేటుకాడ ఒక్కసారి గూడ పేల్చలే."

ఆ మాట నాకు బాగా నచ్చింది. ఆ వారమంతా ఇంట్లో, ఫోనులో, కనిపించిన ప్రతివాళ్లకీ తుపాకుల గురించి పాఠం చెప్పాను. నాలుగు ముక్కలు వినగానే అంతా తెలిసిపోయిందనుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. ఈ కథలో జరిగిన నష్టమంతా ఆ జబ్బు వల్లే జరిగింది.

వానాకాలం మొదలయ్యాక ఒక రోజు క్యాష్ బండి వచ్చినప్పుడు గమనించాను. బండి తలుపు తెరిచే సమయంలో ఆయన తుపాకీని ఛాతీకి అడ్డంగా పట్టుకుని నిలబడాలి. ఆ రోజు బరువంతా ఎడమ చేతి మీద ఉంది. కుడిచెయ్యి ఊరికే తగిలించినట్టుంది. బండి వెళ్లాక లోపలికి పిలిచి అడిగాను. కాసేపు ఏమీ లేదన్నాడు. తర్వాత తలుపు వైపు ఒకసారి చూసి, కుడిచెయ్యి ఎత్తబోయాడు. అది ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. మొహం మీద చెమట పట్టింది.

"రెండు నెలలాయె మేడం. బుజం బిగుసుకపోయింది. తుపాకి ఎత్తొస్తలేదు. ఎవ్వలకు జెప్పకుండ్రి. తైలం రాస్తున్న, తగ్గుతది."

"ఎవరికీ చెప్పను అన్నా" అన్నాను. ఉప్పల్‌లో నాకు తెలిసిన ఎముకల డాక్టరుకు చీటీ కూడా రాసి ఇచ్చాను. ఇచ్చి, ఎంతో మంచిదాన్నని నాలో నేనే మురిసిపోయాను.

నెల తిరగకుండా పైఆఫీసు నుంచి కబురు వచ్చింది, శాఖల భద్రతా ఏర్పాట్ల మీద తనిఖీ అని. ఆ ఫారంలో సాయుధ కాపలాదారు ఆయుధం వాడే స్థితిలో ఉన్నాడా అని ఒక గడి ఉంది. అవునని రాస్తే అబద్ధం. కాదని రాస్తే ఆయన పని పోతుంది. రెండు రోజులు ఆ గడి నన్ను తినేసింది. మూడో రోజున నాకు బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. భుజానికి ఎత్తనక్కర్లేని తుపాకీ ఉంటే సరిపోతుంది కదా!

ఏజెన్సీకి ఉత్తరం రాశాను, పైఆఫీసుకు ఒక ప్రతి. మీ గన్‌మ్యాన్ కుడి భుజం పైకి లేవడం లేదనీ, పొడుగు తుపాకీకి భుజం ఆసరా అవసరమనీ, చేతి తుపాకీకి ఆ అవసరం లేదు గనక ఆయనకు పిస్టల్ ఇప్పించమనీ. ఆయన నాకు నేర్పిన పాఠాన్నే చక్కటి ఇంగ్లీషులోకి మార్చాను. అంతటితో ఆపి ఉంటే ఇవాళ తెలివితక్కువదాన్ని అని చెప్పుకుని ఊరుకునేదాన్ని. కానీ చివర ఇంకో వాక్యం చేర్చాను. ఈలోగా ఏదైనా జరిగితే శాఖ బాధ్యత వహించదు. ఆ వాక్యం ఆయన కోసం రాసింది కాదు. నా కోసం రాసుకున్నాను.

నాకు తెలియని సంగతి ఒకటుంది. ఆ తుపాకీ ఏజెన్సీది కాదు, ఆయనదే. లైసెన్సు ఆయన పేరు మీద, ఆ ఒక్క తుపాకీకే. ఈ పనిలో సొంత తుపాకీ తెచ్చుకున్నవాడే గన్‌మ్యాన్, అది లేకపోతే లాఠీ పట్టుకునే వాచ్‌మన్. చేతి తుపాకీకి లైసెన్సు ఆయనలాంటి వాళ్లకు దొరకడం కల్ల. ఇవన్నీ ఒక్క మాట అడిగితే ఆయనే చెప్పేవాడు. అడగలేదు. అడిగితే రాయొద్దంటాడని నాకు లోలోపల తెలుసు.

పది రోజుల్లో ఏజెన్సీ ఆయన్ని తప్పించింది. లైసెన్సు రెన్యువల్ గడువు కూడా అప్పుడే వచ్చింది. నా ఉత్తరం సంగతి తెలిశాక లైసెన్సు ఇచ్చే పోలీసులు వైద్య పరీక్ష గట్టిగా చేయించారట. మా దగ్గర పని మానేశాక ఆయన తుపాకీని కూడా డీలరు దుకాణంలో అప్పజెప్పాల్సి వచ్చింది.

ఆఖరి సాయంత్రం ఎప్పటిలాగే నా బల్ల ముందు నిలబడి తుపాకీ తెరిచాడు. తూటాలు తీశాడు. నేను గొట్టాల్లోకి చూశాను, ఎదురుగా ఆయన మొహంలోకి చూడలేక చాలాసేపు అక్కడే చూశాను.

"ఎవ్వరో కాగితం పెట్టిన్రట మేడం నా మీద" అన్నాడు. "మీకేమన్న ఎరుకనా?"

"లేదన్నా. కనుక్కుంటాను" అన్నాను.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. ఆయన సరే అని తుపాకీని పచ్చ గుడ్డ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో లాఠీతో ఒకాయన వచ్చాడు. లోపల ఒక సైరన్ బిగించారు. తనిఖీలో మా శాఖకు మంచి పేరే వచ్చింది.

రెండేళ్ల తర్వాత, మొన్న వేసవిలో, నాగోల్‌లో ఒక పెళ్లికి వెళ్లాను. మధ్యాహ్నం పూట, మండే ఎండ. ఫంక్షన్ హాలు ముందు కార్లు పెట్టిస్తున్న మనిషి మెడలో విజిల్, ఎడమ చేతిలో ఎర్ర గుడ్డ. నా కారును గోడ నీడలోకి పంపించి, దిగగానే నమస్కారం పెట్టాడు. ఎడమ చెయ్యే లేచింది.

"బాగున్నరా మేడం?"

ఇన్నాళ్లూ లోపల దాచుకున్నది ఇక ఆగలేదు.

"అన్నా, అప్పటి ఆ కాగితం..." అన్నాను. "అది నేనే రాశాను."

"ఎరుకే మేడం."

"ఆఫీసులో చూపించారా?"

"లేదు. బుజం సంగతి మీ ఒక్కలకే చెప్పిన గద. మా ఇంటామెకు గూడ చెప్పలే. కాగితం ఎవ్వరిదో అప్పుడే సమజైంది."

"మరి ఆ రోజు నన్నెందుకు అడిగారు?"

"మీరే చెప్తరేమో అనుకున్న" అన్నాడు.

వెనక ఇంకో కారు హారన్ కొడుతోంది. ఆయన విజిల్ నోట్లో పెట్టుకుని అటు వెళ్లాడు.