పొజ్జె గుండెకు ఇనప తలుపు

సరిహద్దు ఊరు కుంటలో మా మందుల షాపుకు వచ్చేవాళ్ళు నన్ను చూసి భయపడతారు. నా నోరు అలాంటిది. జ్వరం తగ్గిందని మూడో రోజే మాత్రలు మానేసి, వారం తిరక్కుండా మళ్ళీ వచ్చి నిలబడేవాడిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నలుగురిలోనూ దులిపేస్తాను. ఈ భయంతోనైనా మందు సక్రమంగా మింగుతారని ఇరవై ఏళ్ళు గర్వపడ్డాను. పొజ్జె కూడా నాకు భయపడిందని తర్వాత తెలిసింది.

పొజ్జెది అడవిలో మూడు గంటల నడక దూరంలో ఉన్న దొర్ల గిరిజనుల ఊరు. మొగుడు కోస. ఇద్దరికీ కాస్త మెరక చేను, వేసవిలో ఇప్పపువ్వు, తునికాకు. సంతరోజు చింతపండు గంప తెచ్చి మా షాపు అరుగు మీద దించి, సంత తెలుగులో నన్ను వెక్కిరించేది. "అన్నా, ఇయ్యాల ఎవర్ని తిట్టినవ్? ఎవరూ దొరకలేదా?" ఆ ధైర్యం సంత మొత్తంలో ఆమెకొక్కదానికే ఉండేది.

ముప్పై నాలుగేళ్ళకే ఆమెకు ఆయాసం మొదలైంది. గంప ఎత్తుకుని పది అడుగులు వేస్తే కూలబడేది. చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరం వచ్చిందట. అప్పుడెవరూ పట్టించుకోలేదు. ఆ జ్వరం పోతూ పోతూ గుండెను పాడుచేసి పోయింది. సర్కారు కార్డు మీద రాయపూర్‌లో ఆపరేషన్ చేస్తామన్నారు. అక్కడ డాక్టర్లది హిందీ. పొజ్జెకూ కోసకూ దొర్లీ, కాస్త తెలుగు తప్ప మరొకటి రాదు. మధ్యలో మాట చెప్పడానికి నన్ను రమ్మన్నారు. షాపు మంగాదేవికి, అంటే నా భార్యకు, అప్పజెప్పి వెళ్ళాను.

వాల్వు అంటే ఏమిటో నాకు తోచినట్టు చెప్పాను. "గుండెల తలుపులుంటయ్. నీదొకటి పాడైంది. అది తీసి ఇనపది పెడతరు."

"వానకాలం తుప్పు పట్టదా అన్నా?"

డాక్టరుకు ఆ ప్రశ్న హిందీలో చెబితే ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అడగాల్సిన ప్రశ్నే అనిపించింది.

ఆపరేషన్ అయ్యాక, గొంతు కింద నుంచి పొట్ట దాకా కుట్లతో పడుకుని, ఆమె ఇంకో ప్రశ్న వేసింది. "నా గుండె ఆపి మిషనుతోని నడిపిచ్చిన్రంట గదా. అప్పుడు నేనెక్కడున్న?"

"బల్ల మీదున్నవ్," అన్నాను.

ఇంటికి పంపేరోజు డాక్టరు జాగ్రత్తలు చెప్పాడు. ఇనప తలుపు దగ్గర రక్తం గడ్డకడితే ప్రాణం పోతుంది, అందుకని రక్తాన్ని పలచగా ఉంచే మాత్ర బతికినంతకాలం రోజూ వేసుకోవాలి, నెలకోసారి రక్తపరీక్ష చేయించుకోవాలి. పళ్ళ నుంచి, ముక్కు నుంచి రక్తం వస్తుందేమో చూసుకోవాలి. చివరగా ఇంకో మాట అన్నాడు. నెలసరిలో రక్తం చాలా ఎక్కువగా, ఎక్కువ రోజులు పోవచ్చు, అలా అయితే మాత్ర ఆపకుండా మా దగ్గరికి రండి, దానికి వేరే వైద్యం ఉంది అని.

నేను పళ్ళ సంగతి చెప్పాను. ముక్కు సంగతి చెప్పాను. చివరి మాట చెప్పలేదు. పక్కన కోస ఉన్నాడు. మంచం చుట్టూ జనం. యాభై ఏళ్ళ మగవాడిని, పరాయి ఆడదానితో ఆ మాట ఎలా అనాలో తెలియక మింగేశాను. మంగాదేవి చేత చెప్పిస్తే సరిపోతుందిలే అనుకున్నాను. కుంటకు వచ్చాక మరిచిపోయాను.

రెండేళ్ళు బాగానే గడిచాయి. పొజ్జె మళ్ళీ గంప ఎత్తింది. ఆమె గుండె చప్పుడు పైకి వినబడేది, చిన్న గడియారంలా టిక్కు టిక్కుమని. మధ్యాహ్నం సంత పలచబడ్డాక కౌంటరు ఇవతల కూర్చున్న నాకు కూడా వినిపించేది. సంతలో ఆడవాళ్ళు ఆమె రొమ్మున చెవి ఆనించి వినేవాళ్ళు. మొదట్లో కోసకు నిద్రపట్టలేదట. తర్వాత అది వినబడకపోతే పట్టేది కాదట.

"నేను సచ్చినంక గూడ కొట్టుకుంటనే ఉంటదా అన్నా?" అని ఒకరోజు అడిగింది.

"ఉండదు. నీతోనే ఆగుతది," అని చెప్పాను, అన్నీ తెలిసినవాడిలా.

ఇప్పుడు చెప్పేది కోస నాకు చాలా ఆలస్యంగా చెప్పిన సంగతి. వాళ్ళ ఊళ్ళో నెలసరి రోజుల్లో ఆడవాళ్ళు ఇంటి వెనక చిన్న గుడిసెలో ఉంటారు. పొయ్యి ముట్టరు, చేనులో అడుగుపెట్టరు, విత్తనం గంప వైపు వెళ్ళరు. అందరికీ అది నాలుగైదు రోజులు. మాత్ర మొదలుపెట్టినప్పటి నుంచి పొజ్జెకు పన్నెండు, పదిహేను రోజులు. సగం నెల గుడిసెలోనే. ఎండాకాలం చివర విత్తనాల పండుగకు ప్రతి ఇంటి ఆడమనిషీ తన గంపలోంచి విత్తనం తీసి ఊరి పూజారికి పంపాలి. ఒక ఏడు పండుగకు ఆమె గుడిసెలోనే ఉండిపోతే ఆమె విత్తనం తోడికోడలు తీసింది. ఆ ఏడే వానలు ఎగ్గొట్టాయి. ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆమే అనుకుంది, తన చెయ్యి పడకే చేను ఎండిందని. వచ్చే పండుగకు ఎలాగైనా ఇంట్లో ఉండాలనుకుంది.

ఆ చలికాలంలోనే ఒక సంతనాడు నన్ను అడిగింది. "అన్నా, ఈ మాత్ర కొన్ని దినాలు మానుకుంటే ఏమయితది?"

ఎందుకు అని నేను అడగలేదు. ఆ ఒక్క ముక్క అడిగి ఉంటే! లోపలున్న మంగాదేవిని పిలిచినా సరిపోయేది. నలుగురి ముందు గట్టిగా అరిచాను. "మానుకో! తలుపు బిగుసుకపోయి సస్తవ్. రాయపూర్ దాకా నీ ఎంట తిరిగినందుకు నాకు బుద్ధి లేదు!" పొజ్జె నవ్వినట్టే మొహం పెట్టి, మాత్రలు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత కూడా ప్రతి నెలా తప్పకుండా కొనేది. పరీక్షకు భద్రాచలం వెళ్ళావా అంటే బస్సు దొరకలేదనేది. నా తిట్లు పనిచేశాయని సంబరపడ్డాను. నోరా, వీపుకు చేటు తేకే అంటారు. నా నోరు నా వీపు జోలికి రాలేదు.

విత్తనాల పండుగ దాటిన వారానికి ఆమె షాపు మెట్ల మీద వచ్చి కూర్చుంది. పాదాలు వాచి ఉన్నాయి. మాట పూర్తిచేయడానికి ఊపిరి చాలడం లేదు. ఆ రోజు కరెంటు లేదు, ఫ్యాన్ తిరగడం లేదు, బజారంతా నిశ్శబ్దంగా ఉంది. కౌంటరు దాటి వెళ్ళి ఆమె పక్కనే నిలబడ్డాను. టిక్కు టిక్కు లేదు.

"నీ చప్పుడేది పొజ్జే?"

"నాకూ... యినపడ్తలేదన్నా. నాలుగు దినాలాయె."

"మాత్ర ఏసుకుంటున్నవా?"

నేల చూస్తూ, "ఏసుకుంటున్న," అంది.

చచ్చేంత జబ్బులో కూడా నా తిట్లకు భయపడి అబద్ధమాడింది. జీపు మాట్లాడి కోసనూ ఆమెనూ ఎక్కించి నేనూ ఎక్కాను. భద్రాచలం చేరకముందే, దారిలోనే పోయింది. నీతోనే ఆగుతుంది అని చెప్పాను కదా, అదీ తప్పే. ఆ తలుపు ఆమెకంటే ముందే మూగబోయింది.

ఇంటికొచ్చి మంగాదేవికి అంతా చెప్పాను, రాయపూర్‌లో మింగేసిన మాటతో సహా. "పది అడుగుల దూరంల నేనున్న గదా," అని మాత్రం అంది.

తొలకరి పడ్డాక కోస వచ్చాడు. ఆకులో చుట్టిన పొట్లం కౌంటరు మీద పెట్టాడు. విప్పితే మాత్రల అట్టలు, రెండు నెలలవి, ఒక్కటీ చింపలేదు.

"మిగిలినయ్ సేటూ. ఎవరికన్నా పనికొస్తయేమో అని తెచ్చిన. కొనకపోతే నువ్వు తిడతవని కొన్నది."

గుడిసె సంగతీ, తోడికోడలి సంగతీ అప్పుడే చెప్పాడు. ఈసారి పండుగకు పొజ్జె ఇంట్లోనే ఉందట. తన చేత్తోనే గంపలోంచి విత్తనం తీసిచ్చిందట. "ఆ దినం మస్తు నవ్వింది సేటూ," అన్నాడు. తర్వాత మాత్రల వైపు చూసి నెమ్మదిగా అడిగాడు.

"ఈటితోని రక్తం అంత పోతదని నీకు ముందుగాల ఎరుకేనా?"

లోపలి గుమ్మంలో మంగాదేవి నిలబడి ఉంది. ఆమె వింటోందని నాకు తెలుసు.

"ఎరుక లేదు," అన్నాను.

కోస నమ్మాడు. పొజ్జె తీసిచ్చిన విత్తనం ఇంకా సగం చల్లాల్సి ఉందని, వాన ఆగకముందే ఊరు చేరాలని లేచి వెళ్ళిపోయాడు.