మామ చెక్కిన పొట్టి ఆవు

గోరంతను కొండంత చెయ్యడం అందరికీ వచ్చిన విద్యే. నేను ఆ కొండమీద కోట కూడా కట్టేసే రకం, కాబట్టి నా మాటల్ని ఒకటికి రెండుసార్లు జల్లించి చదువుకోమని మనవి.

మొన్న మదనపల్లె నుంచి కుప్పం పోతూ, పుంగనూరు దాటాక మా ఊరి పంచాయతీ ఆఫీసు ముందర బస్సు ఆగితే, అక్కడి రాతి ఆవు మెడమీద చెయ్యేసి ఒక కొత్త జంట ఫోటో దిగుతూ కనబడింది. ఆ ఆవును చెక్కింది మా మేనమామ. అంతవరకూ రోళ్ళూ తిరగళ్ళూ తప్ప మరొకటి ఎరగని చెయ్యి అది. ఆఫీసు ముందర పెట్టను పంచాయతీవాళ్ళు ఆవు బొమ్మ అడిగితే, కుప్పం నుంచి నల్లరాయి తెప్పించుకొని, మా అవ్వ సాకుతున్న పుంగనూరు ఆవును తన తువ్వాలుతో కొలిచి, కొమ్ముకొక ముడి, మూపురానికొక ముడి వేసుకొని ఆర్నెల్లు చెక్కాడు. ఆ ఉలి దెబ్బలకు గుర్రంకొండ కోటలో గబ్బిలాలకు నిద్ర కరువైందని అంటారు, అనేది నేనే. ఇది గనక వెనక్కొస్తే మళ్ళీ ఉలి పట్టనని అత్త ముందర ఒట్టు కూడా వేసుకున్నాడు.

బొమ్మను నిలబెట్టాకే ఉలితో దాని కళ్ళు తెరవాలన్నది ఆనవాయితీ. తీరా అది చూడ్డానికి జనం చేరిన రోజున, ఒంగోలు గిత్తల మధ్య పుట్టిపెరిగి మా వైపుకు కొత్తగా బదిలీ అయివచ్చిన ఆఫీసరు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఆవును చెక్కమంటే దూడను చెక్కావేంటయ్యా! తీసుకుపో" అనేశాడు. మామ రొమ్ము విరుచుకొని, "పుంగనూరు ఆవు ఇంతే ఉంటాది సార్. దేవుడు చేసినదాన్ని పెంచేదానికి నేనెవుర్ని?" అన్నాడు.

కలకడ నుంచి కురబలకోట దాకా నిండిన ఆ జనసముద్రాన్ని తోసుకుంటూ అవ్వ తన ఆవును తోలుకొచ్చి, రాతి ఆవు పక్కన నిలబెట్టింది. కొమ్ముకు కొమ్ము, మూపురానికి మూపురం, వెంట్రుకవాసి తేడా లేదు.

"సూడప్పా, ఇది నాలుగు ఈతలు ఈనిండాది. దీన్ని గూడా దూడంటావా?"

ఆ నవ్వులకు ఆఫీసు పైపెంకులు ఎగిరిపోయాయి. ఆఫీసరు కూడా నవ్వేసి, టెంకాయ తానే కొట్టి, కన్ను తెరవమని మామను బతిమాలుకున్నాడు. చివరి ఉలిదెబ్బ పడగానే జనం మామను భుజాలమీదికి ఎత్తుకున్నారు, నేల మీదికి దించింది మూడు వీధులు తిప్పాకే.

ఇప్పుడు బొమ్మలు అచ్చులో పుట్టి, కళ్ళు తెరుచుకొనే లారీ దిగుతున్నాయి. వాటి ముందర ఊపిరి బిగబట్టి నిలబడే పని ఎవరికీ లేదు. అవ్వా లేదు, మామా లేడు.

పెంకుల సంగతి మీరెలాగూ నమ్మి ఉండరు. నేను నిజంగా కల్పించింది మామ నోటిమాట ఒక్కటే. ఆ రోజు ఆయన తలవంచుకొని ఉలులు మూటగట్టుకోసాగాడు. పక్కనే నిలబడివున్న నాకైనా అప్పుడా మాట తోచలేదు; తోచేసరికి ఇన్నేళ్ళు పట్టింది.