చప్పుడు చేయని ట్రాప్

మా మావయ్యగారితో వాదించాలంటే గొంతు చించుకోవాల్సి వచ్చేది. నర్సీపట్నంలో మా జీడిపప్పు ఫ్యాక్టరీ బాయిలర్ పక్కనే బతికి, చెవులు పోగొట్టుకున్నారు. ఆవిరిని ఆపి నీటిని వదిలే స్టీమ్ ట్రాప్ మీద స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి, లోపల డిస్క్ టక్కుమనడం వినేవారు. ఎవరూ అరవకుండా ఆయనకు వినిపించేది అదొక్కటే.

పప్పు ఆరబెట్టే డ్రయ్యర్‌లో నీరు నిలుస్తోంది, ట్రాప్ మార్చాలన్నారు.

"ఫ్లోట్‌ది తెప్పించమ్మా. లోపల బంతి తేలి, నీరు సేరింది సేరినట్టే వదిలేస్తాది."

"అది టక్కుమనదు మావయ్యా! మళ్లీ డిస్క్‌దే పెడదాం," అని అరిచాను. పప్పు వలిచే ఆడవాళ్లంతా తలలెత్తి చూశారు.

"డ్రయ్యర్‌కి ట్రాప్ కొంటన్నావా, నాకు రేడియో కొంటన్నావా?"

ఆరోజే ఫ్లోట్‌దానికి ఆర్డర్ రాశాను.

ఫ్లోట్ ట్రాప్ వచ్చింది. పప్పు ఒక్క తీరుగా ఆరింది. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే స్క్రూడ్రైవర్ ఆనించి, కళ్లు మూసుకుని కూర్చునేవారు.

"ఏటి వినిపిస్తంది మావయ్యా?"

"బాగా పన్జేస్తంది," అనేవారు.

ఆయన పోయాక నేనూ ఒకసారి అలాగే ఆనించి విన్నాను. లోపల నీరు సన్నగా పారుతున్న చప్పుడు. ఆయనకు అదీ వినిపించి ఉండదు.