చాయ్ గోలీ

తొంభైల చివరి వేసవులలో నా వైద్య పరిశోధనకు క్షేత్రం ముంబయి దగ్గరి భివండీలోని నార్పోలి. గాలికి పోగులు తెగుతాయని సాంచలనే మరమగ్గాల షెడ్లలో కిటికీలు మూసి ఉంచుతారు. ఆ ఉక్కలో పన్నెండు గంటలు చెమటోడ్చేవారి రక్తంలోని ఉప్పు, దానిని కాపాడే హార్మోన్లు ఏ తీరున మారుతాయో తెలుసుకోవడం నా పని. ఖోలీ అనే ఒంటి గదిని అద్దెకు తీసుకుని మంచం, బల్ల, చిన్న పరీక్షాయంత్రం అమర్చుకున్నాను. రక్తం తీసే ముందు ప్రతి ఒక్కరినీ ఏమైనా మందులు వాడుతున్నారా అని అడిగేవాడిని. లేవని అందరూ అన్నారు. ఆ మాటనే పేరు పేరునా శ్రద్ధగా పుస్తకంలో వ్రాసుకున్నాను. ఆ శ్రద్ధను తలచుకుంటే నేటికీ సిగ్గువేస్తుంది.

ఒక ఏడు బట్టకు గిరాకీ పడిపోయి, మందీ వచ్చి షెడ్లన్నీ ఒకేసారి మూతపడ్డాయి. సాంచల చప్పుడు ఆగిన ఊరి నిశ్శబ్దం నాకు అపశకునంగా తోచింది. ఐదవనాటి మధ్యాహ్నం, సిరిసిల్ల ప్రాంతంనుండి వచ్చి స్థిరపడిన ఒక సాంచల కార్మికుడిని అతని భార్య, తమ్ముడు మోసుకొచ్చి నా మంచంపై పడుకోబెట్టారు. రెండు రోజులుగా వాంతులట. ఉదయంనుండి పొంతన లేని మాటలట. నాడి అందీ అందకుండా ఉంది. రక్తం తీసి చూస్తే సోడియం, అదే ఉప్పు, నేను అక్కడ చూసినవాటన్నిటికంటే తక్కువ.

చెమటతో ఉప్పు పోయిందనుకున్నాను. నేను వెదకుతున్నది అదే గనుక నాకు అదే కనబడింది. సెలైన్ ఎక్కించాను. ఒక సీసా అయిపోయింది, రక్తపోటు లేవలేదు. థానే నగరంలోని పెద్దాసుపత్రికి తరలిద్దామంటే, దారిలో కాశేలి దగ్గర లారీలు బారులు తీరి రిక్షా కదలడం లేదని తమ్ముడు కనుక్కొని వచ్చాడు. మనిషి నా కళ్లెదుటే జారిపోతున్నాడు.

ఐదు రోజులుగా పనే లేనివానికి చెమట ఎక్కడిది? ఈ ప్రశ్న నాకు ఆలస్యంగా పుట్టింది. అప్పుడు అతనిని సరిగా చూశాను. పుల్లలవంటి చేతులు, వాటిపై కమిలిన మచ్చలు, వాటికి పొసగని గుండ్రని నిండు ముఖం. భార్యను మళ్లీ అడిగాను, ఒళ్లునొప్పులకైనా ఏమీ వాడలేదా అని.

"మందులంటే లేవు సార్. చాయ్ గోలీ ఒక్కటే. పని పాళీ ఎక్కెటప్పుడు హోటలాయన చాయ్‌తోని ఇస్తడు, ఒళ్లు నొయ్యదని. ఆరేండ్ల సంది ఏసుకుంటున్నడు."

ఇప్పుడూ వేసుకుంటున్నాడా అన్నాను. ఏమీ తెలియనివాణ్ణి చూసినట్టు నన్ను చూసింది.

"కార్ఖానా బందున్నది గద సార్. పని లేనోనికి గోలీ ఎందుకు?"

ఆ ముఖం, ఆ మచ్చలు ఇప్పుడు అర్థమయ్యాయి: ఆ గోలీ స్టెరాయిడ్, ఒంట్లో సహజంగా పుట్టే ఒక హార్మోనుకు మారురూపు. ఆ హార్మోను ఏండ్ల తరబడి బయటినుండి అందుతుంటే, మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు దానిని తయారుచేయడం మానివేస్తాయి. గోలీ హఠాత్తుగా ఆగితే రక్తపోటు పడిపోతుంది, ఒంట్లో నీరు నిలిచి ఉప్పు పలచబడుతుంది, ప్రాణం పోతుంది. అత్యవసరానికి ఉంచుకున్న హైడ్రోకార్టిసోన్, అంటే ఆ హార్మోనునే, సూదితో ఎక్కించాను. గంటకు అతని చూపు కుదురుకుంది. భార్యను పేరుపెట్టి పిలిచాడు.

ఆమె కళ్లు తుడుచుకుంటున్నది. నా చూపు మాత్రం బల్లమీది పుస్తకంపై పడింది. పుట పుటకూ, వరుస వరుసకూ "లేవు" అన్న నా అక్షరాలే. షెడ్లన్నీ ఐదు రోజులుగా బందు, అంటే గోలీలూ బందే.

తమ్ముడిని అన్న దగ్గర ఉంచి, వీధికి ఆవలనున్న చాయ్ హోటలుకు పరుగెత్తాను. నన్ను చూడగానే హోటలాయన ఒక రేకు డబ్బాను పొయ్యి వెనుకకు నెట్టి, తన దగ్గర ఏ గోలీలూ లేవని ఒట్టుపెట్టుకున్నాడు. దండం పెట్టి, రోజూ తీసుకునేవారందరికీ ఈ పూటే మళ్లీ ఇవ్వమని వేడుకున్నాను.

"గోలీలు బంద్ చెయ్యమని మొత్తుకునే డాక్టర్లను చూసిన. పంచమనేటాయనను ఇప్పుడే చూస్తున్న. ఏంది సార్, నన్ను పట్టియ్యనీకి వచ్చిండ్రా?"

జరిగినది చెప్పాను. ముందు ప్రాణం నిలవాలనీ, తరువాత నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ మాన్పిస్తాననీ చెప్పాను. అతని ముఖంలో వెటకారం మాయమైంది. డబ్బా తీసి చంకన పెట్టుకున్నాడు.

"మా చెల్లె మొగడు పొద్దుగాల మంచంల కెల్లి లేవలే సార్. పని లేక పండుకున్నడనుకున్న."

సందులో మొదటి తలుపు ఆ చెల్లెలిదే; ఆమె ఇండ్ల పనికి పోయిందట. తట్టాము. చాలాసేపు ఏ అలికిడీ లేదు. తరువాత లోపల ఎవరో వాంతి చేసుకుంటున్న చప్పుడు వినబడింది. ఆ చప్పుడు విని, మనిషి ఇంకా ఉన్నాడని మేమిద్దరమూ దేవునికి మొక్కుకున్నాము.